దారంతో కోసిన గుడ్డు

మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే ఇప్పటికీ నా చెవులు స్టీలు పళ్లేల చప్పుడు కోసం ఎదురుచూస్తాయి. జనగామలో మేముంటున్న వీధిలో ఆ వేళకు ఏ చప్పుడూ ఉండదు. మా ఆయన పొద్దున్నే తన తమ్ముడి హోల్‌సేల్ దుకాణానికి వెళ్లి కూర్చుంటాడు. ఆయనకు క్యారియర్ పంపించేశాక ఇంట్లో నేనొక్కదాన్నే. పళ్లెంలో అన్నీ వడ్డించుకుంటాను, ముద్ద కలపడానికి మాత్రం చెయ్యి రాదు. అంగన్‌వాడీ టీచరుగా రిటైరైతే మోకాళ్ల నొప్పులు మిగులుతాయని తోటివాళ్లు ముందే చెప్పారు గానీ ఈ జబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు కొందరు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "తల్లులు సెంటర్ల తింటలేరు మేడం, డబ్బల పెట్టుకొని ఇంటికి తీస్కపోతున్నరు, ఏం చెయ్యాలె?" అని అడుగుతారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. నాకు ఆ జవాబు దొరకడానికి ఒక ముసలామె ఇంటి ముందు కూర్చొని జొన్నరొట్టె తినాల్సి వచ్చింది. అందుకే ఇలా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకోండి.

నేను పుట్టింది చిట్యాలలో, కిరాణా కొట్టు ఇంట్లో. మెట్టింది కురవి దగ్గరి ఊళ్లో, అదీ కిరాణా కొట్టే. రెండిళ్లలోనూ గుడ్డు అన్న మాట కూడా వంటింట్లోకి రాకూడదు. అలాంటిదాన్ని తీసుకెళ్లి మా ఊరికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న లంబాడా తండాకు టీచరుగా వేశారు. అప్పట్లో తండాలో పదో తరగతి పాసైన ఆడపిల్ల లేకపోవడంతో ఆ ఉద్యోగం నాకు దక్కింది. మొదట్లో పిల్లలకు ఆటలు, పాటలు, బరువు చూడడాలు. తరవాత గుడ్లు వచ్చాయి. ఆ తరవాత గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట నిండు భోజనం వచ్చింది. అన్నం, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు, గ్లాసెడు పాలు.

మా అత్తమ్మ నా కొలువుకు "గుడ్ల నౌకరి" అని పేరు పెట్టింది. సాయంత్రం రాగానే పెరట్లో స్నానం చేసి చీర మార్చుకుంటే గానీ వంటింటి గడప దాటనిచ్చేది కాదు. నిజానికి గుడ్లు నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఉడకబెట్టడం, పెంకు తీయడం, వడ్డించడం అన్నీ మా ఆయా చూసుకునేది. ఆయా తండా మనిషే. ఆమె గుసగుస పెడితే పక్క తండాకు వినిపించేది. నా భోజనం నేను ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకొని, తల్లులంతా తిని వెళ్లాక వెనక గదిలో తలుపు దగ్గరికి వేసుకొని తినేదాన్ని. ఎవరినో చిన్నచూపు చూసి కాదు, అలవాటు. ఆ తలుపు బయటివాళ్లకు ఎలా కనిపిస్తుందో ఆలోచించే అవసరం నాకు అప్పటిదాకా రాలేదు.

భోజనం విషయంలో పైనుంచి ఒకే ఒక్క గట్టి మాట ఉండేది. తల్లి కేంద్రంలో కూర్చొని, మా కళ్ల ముందే తినాలి. ఇంటికి పోనిస్తే అది ఇంటిల్లిపాదికీ పంచుతుంది, కడుపులో బిడ్డకు ఏమీ మిగలదు. మాట సబబైనదే. ఇప్పుడు మళ్లీ ఉద్యోగంలో చేరినా నేనూ అదే చెప్తాను.

ఒక ఏడు మిర్చి ఏరే కాలంలో తండాలోని ఒక ఇంటి కోడలు వచ్చి పేరు రాయించుకుంది. మూడో కాన్పు. మనిషి చాలా సన్నం, పెదాలు కూడా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మానుకోట పెద్ద దవాఖానలో, అంటే మహబూబాబాద్‌లో, పరీక్ష చేసి ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. ఇలాగే ఉంటే కాన్పు నాటికి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కడం కష్టమని ఆశా కార్యకర్త నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పింది. "తిండి ఒక్కటే మందు టీచర్. ఎట్లన్న చేసి తినిపియ్యి" అని నా మీద పెట్టి పోయింది.

ఆ అమ్మాయి రోజూ అందరికంటే ముందే వచ్చేది. చేతులు కడుక్కొని వరసలో చివర కూర్చునేది. పప్పన్నం రెండు ముద్దలు తిన్నట్టు చేసేది. గుడ్డు మాత్రం ఎప్పుడు మాయమయ్యేదో తెలిసేది కాదు. ఒకరోజు లేచి నిలబడబోతుంటే కొంగు చివర ముడి బరువుగా వేలాడింది. ఆయా చూసింది. ఆ అమ్మాయి వెళ్లిపోయాక నా దగ్గరికొచ్చి తన ఉపాయం చెప్పింది.

"గుండ్రంగ ఉంటేనే గదక్కా కొంగుల ముడేసేది. రేపటి సంది పగలగొట్టి పప్పుల కలిపేస్త. ఎట్ల దాస్తదో నేను సూస్త."

ఉపాయం నాకూ బాగానే తోచింది. మర్నాడు గుడ్డు పప్పులో కలిసిపోయింది. ఆ మర్నాడు ఆ అమ్మాయి స్టీలు డబ్బా తెచ్చుకుంది. "ఈడ తింటే వాంతికొస్తున్నది టీచరమ్మ, ఇంట్ల తింట" అంది తల వంచుకొని. ఆయా ఊరుకుంటుందా? డబ్బా కడుగుతానని తీసుకొని మూత దాచేసింది. మూత లేకపోతే ఎలా మోసుకెళ్తుందో చూద్దామని మా ఇద్దరి తెలివి. ఆ పిల్ల పప్పన్నం నిండిన డబ్బాను ఒక చేత్తో పట్టుకొని, రెండో అరచెయ్యి మూతలా పైన కప్పి, ఎండలో మెల్లగా నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది. మర్నాటి నుంచి రావడం మానేసింది.

అప్పుడు భయం పట్టుకుంది నాకు. కొంత పప్పైనా ఆమె కడుపులోకి వెళ్లేది, ఇప్పుడు అదీ లేదు. ఆశా మళ్లీ వచ్చి, "రక్తం గోళీలు ఏస్కుంటే కడుపుల మంట అంటున్నది. ఉత్త కడుపుల ఏస్తే మండదా మరి?" అని నా మొహం కేసి చూసింది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పిల్లల్ని తొందరగా పంపించి, ఆ అమ్మాయికి రావలసిన భోజనం, గుడ్డు పగలగొట్టకుండా, కేంద్రం డబ్బాలో సర్దించాను. దాచిన మూతను కూడా ఆయా వెంట తీసుకుంది. ఇద్దరం వాళ్లింటికి బయల్దేరాం. భోజనం కేంద్రం గడప దాటించకూడదన్న మాట మొట్టమొదట దాటింది నేనే.

ఇంటి ముందు పందిరి కింద అత్త పొయ్యి దగ్గర కూర్చొని రొట్టెలు కాలుస్తోంది. కొడుకు మంచం మీద పడుకొని ఉన్నాడు. మార్కెట్లో మిర్చి బస్తా ఎత్తబోయి జారిపడి నడుముకు దెబ్బ తగిలిందట, పని బంద్. పెద్దపిల్ల బడికి పోయింది, చిన్నది మట్టిలో ఆడుకుంటోంది. కోడలు మమ్మల్ని చూసి గోడ పక్కకు జరిగింది.

ఆ ఇంటి పొయ్యి ఎలా మండుతోందో ఆ కాసేపట్లో నాకు అర్థమైంది. రేషన్ కార్డులో ఉన్నవి తల్లీ కొడుకుల పేర్లే. కొత్త పేర్లు ఏండ్ల తరబడి ఎక్కించలేదు కాబట్టి కోడలికీ పిల్లలకీ బియ్యం రావు. ఇద్దరి బియ్యం ఐదుగురు తినాలి. అవి నెలాఖరు దాకా సాగడానికి ముసలామె మధ్యాహ్నం అన్నం వండడం మానేసి జొన్నరొట్టె చేసేది. చిన్నదాని కోసం మేమిచ్చే బాలామృతం పిండి కూడా ఆ జొన్నపిండిలో కలిసి అందరికీ రొట్టె అయ్యేది. పెద్దపిల్లకు ఒక పూట బడిలో గడిచిపోయేది. ఇక కోడలికి మా దగ్గర వచ్చేది ఆ ఇంటికంతటికీ కూర. రేషన్ దుకాణం నుంచి, బడి నుంచి, మా సెంటర్ నుంచి వచ్చే తిండినంతా ఆ ముసలామె ఒక్క పొయ్యి మీద సర్ది ఇల్లు నడుపుతోంది. నేను మా కేంద్రం ఒక్కటే చూస్తున్నాను, ఆమె అన్నీ చూస్తోంది.

"కూసో టీచరమ్మ. తినే యాళ్లకొచ్చినవ్, తినకుండ పోవద్దు" అంది.

ఆయా డబ్బా ముందు పెట్టింది. ముసలామె మూత తీసి, గుడ్డును బయటికి తీసి తుడిచింది. పందిరి గుంజకు చుట్టి ఉన్న తెల్లదారం విప్పి, ఒక కొస పంటి కింద పట్టి, గుడ్డు చుట్టూ తిప్పి లాగింది. రెండైంది. మళ్లీ లాగితే నాలుగైంది. ఏ ముక్కా చెదరలేదు, పచ్చసొన రవ్వంతైనా రాలలేదు.

"గిది వీనికి. గిది సిన్నదానికి. గిది బడికి వోయిన పిల్లకు. గిది దీనికి" అని కోడలి ముందు పెట్టింది.

"మరి నీకేది అవ్వా?"

"నాకెందుకు? ముసలి పానం, కారం రొట్టె చాలు."

మంచం మీంచి కొడుకు, "నాకొద్దు యాడీ, దానికే పెట్టు" అన్నాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ముసలామె విననట్టే ఊరుకుంది. అంతలో ఆమెకు ఇంటికొచ్చిన మనిషి గుర్తొచ్చింది. నా వంతు లేదు! దారం మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఏ ముక్క కొయ్యాలా అని చూస్తుంటే కోడలు తన ముక్కను అత్త ముందుకు జరిపింది. ముసలామె దాన్ని రెండు చేసి ఒకటి నా ముందున్న పళ్లెంలో పెట్టింది.

నా ప్రాణం ఉసూరుమంది. ఎవరి నోట్లోకి గుడ్డు పోవాలని వచ్చానో ఆమె వంతులో సగం నా పళ్లెంలో ఉంది. తినలేను. వద్దంటే ఆ ఇంటిని అవమానించినట్టు.

"మా ఇంట్ల గుడ్డు తినరు అవ్వా" అన్నాను.

"తినవని తండకంత ఎర్కే. తలుపేస్కొని తింటవని గూడ ఎర్కే" అంది ముసలామె. కోపంగా కాదు, రొట్టె తిప్పుతూ మామూలుగా అంది. "నువ్వు మా ముంగట ముద్ద ముట్టవ్. మా కోడలు నీ ముంగట తింటలేదని మీ ఇద్దరి లొల్లి. నేను ఈడ ఉపాసముంటే దానికి ఆడ ముద్ద దిగుతదా చెప్పు?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఎందుకంటే కాపురానికి వచ్చిన నాటి నుంచి నేనూ మా అత్తమ్మ తినకముందు ఏనాడూ ముద్ద ముట్టలేదు. ఆమె ఒక్కపొద్దు ఉన్న రోజు నాకు అన్నం సయించేది కాదు. కోడలి సంగతి కోడలికి తెలియాలి కదా? ఇన్నాళ్లూ ఆ పిల్ల తిండి దాచుకుంటోందనుకున్నాం గానీ, అత్త ఎదురుగా లేకుండా ఆమెకు తినడమే చేతకావడం లేదు.

ఎంతైనా కొట్టు మీద పెరిగినదాన్ని. బేరం మొదలుపెట్టాను.

"గీ ముక్క నాదే గద అవ్వా?"

"నీదే. నీ వంతు."

"నా వంతు నేను ఎవలకన్న ఇయ్యొచ్చు గద?"

ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "సుట్టం వంతు. సుట్టం ఇష్టం" అంది.

ఆ ముక్కను చేత్తో తీసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక గుడ్డును ముట్టుకోవడం అదే మొదలు. మెత్తగా, జారిపోయేలా ఉంది. దాన్ని కోడలి నోటి దగ్గర పెట్టాను. ఆమె నోరు తెరవలేదు. నావైపు కాదు, అత్తవైపు చూస్తోంది. పొయ్యి మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చినా ముసలామె కదల్లేదు. చివరికి "ఖా" అంది. తిను అని.

ఆ పిల్ల తింది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే తింది. నేను మాడిన రొట్టె తీసుకొని ఎర్రకారం అద్దుకొని తిన్నాను. నాకూ నీళ్లు కారాయి, కారం వల్లే అని ఆయాతో చెప్పాను.

లేచి వస్తూ అడిగాను. "రేపు సెంటర్‌కు రా అవ్వా. నా సుట్టంగ రా. నా డబ్బ నీకు, నీ రొట్టె నాకు."

"మేం అడుక్కతినేటోళ్లమా?" అని గయ్యిమంది.

"అడుక్కుంటున్నది నేను. నీ రొట్టె."

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు ఎండ నెత్తిమీదికొచ్చే వేళకు గుడ్డలో రొట్టెలు చుట్టుకొని, వెనక కోడల్ని పెట్టుకొని వచ్చింది. ఆ రోజు నేను వెనక గదికి పోలేదు. వరసలో ముసలామె పక్కన కూర్చొని నా డబ్బా ఆమె ముందు పెట్టాను. మా అత్తమ్మ చేసిన పులిహోర ఆమెకు, ఆమె రొట్టె నాకు. అత్త నములుతుంటే చూసి కోడలు గుడ్డు తీసుకొని కొరికింది. మొత్తం గుడ్డు. ఆయా సంతోషం పట్టలేక వాళ్ల భాషలో ఏదో గట్టిగా అరిస్తే నిద్రపోతున్న పిల్లలు లేచి ఏడుపు మొదలుపెట్టారు.

అలా రోజూ సాగింది. కొన్నాళ్లకు మా సూపర్‌వైజర్ మేడం చెప్పకుండా వచ్చింది. భూపాలపల్లి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, గట్టిది. ముసలామెను చూసి, "ఈమె ఎవరు? ఈమె పేరు మన లిస్టులో లేదు కదా?" అంది.

"లేదు మేడం. నా డబ్బల అన్నం తింటున్నది."

"మరి మీరు?"

"ఆమె రొట్టె."

మేడం ఇంకేదో అనబోయింది. ముసలామె అప్పటికే రొట్టె సగం తుంచి చేతిలో పట్టుకుంది. "నిలవడే ఉంటివి బిడ్డా, కూసో" అంది. మేడం పొద్దున్నే బస్సెక్కి వచ్చిందేమో, ఒక్క క్షణం తటపటాయించి చెప్పులు విడిచి కూర్చుంది. వెళ్లేటప్పుడు ఆయా చేతి గ్లాసుతో మూడోసారి నీళ్లు తాగి, "రేపు కూడా ఇట్లనే పెట్టండి" అంది. కారం గురించి మాత్రం ఏమీ అనలేదు.

ఇంట్లో మాత్రం వేరే కథ నడిచింది. తండాలో గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. నా డబ్బాలో ఒకరోజు ముసలామె పందిరి మీది చిక్కుడుకాయలు, ఒకరోజు టమాటలు, ఒకరోజు పచ్చిమిర్చి వచ్చేవి. అత్తమ్మ మొదట వాటిని పెరట్లోనే పెట్టించింది. తరవాత కడిగి లోపలికి తెచ్చింది. చిక్కుడుకాయ వండిన రోజు, "గామె పాదు మంచిదే" అంది. ఇంకొన్నాళ్లకు నాకంటే ముందే లేచి డబ్బా సర్దడం మొదలుపెట్టింది. "నాకింత ఎందుకు అత్తమ్మా?" అంటే, "నీకెవలు పెట్టిన్రు? చిక్కుడుకాయ పంపినామెకు ఉత్త డబ్బ ఎట్ల పంపుతం?" అని కసిరింది. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూసుకోలేదు. ఒకరు పంపింది ఒకరు అడిగి మరీ తిన్నారు.

కాన్పు రోజున ఆయా వాళ్లతో మానుకోట దవాఖానకు వెళ్లింది. నేను సెంటర్లో ఉండిపోయాను. పిల్లలకు వడ్డించాను. గుడ్ల పెంకులు ఆ రోజు నేనే తీశాను. అలవాటు లేక సగం తెల్లసొన పెంకుతోపాటే పోయింది. మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆయా గొంతు ఫోన్ లేకపోయినా వినిపించేదేమో. "ఆడపిల్లక్కా! ఇద్దరు మంచిగున్నరు. తల్లికి రక్తం గూడ ఎక్కియ్యలే!" గోడకు ఆనుకొని అక్కడే కూర్చుండిపోయాను. పెంకులంటిన చేతులతోనే మొహం తుడుచుకున్నాను.

ఆ తరవాత కాలం నిలవలేదు. కొడుకు నడుము బాగై పనికి పోయాడు. అత్తమ్మ కాలం చేసింది. దినం నాడు ముసలామె మా ఊళ్లోకి వచ్చి, మా వాకిట్లో చిక్కుడుకాయల మూట పెట్టి, లోపలికి రాకుండా వెళ్లిపోయింది. కార్డులో కోడలి పేరు, పిల్లల పేర్లు ఎక్కాయి, సన్నబియ్యం వచ్చాయి. నాకు రిటైర్మెంటు వచ్చింది.

ఆఖరి రోజు వచ్చినవాళ్లందరికీ నా తరఫున భోజనం పెట్టించాను. ఆ వేళకు ముసలామె వచ్చింది. కోడలూ వచ్చింది, మనిషి నిండుగా ఉంది. ఆమె ఇప్పుడు ఎవరివైపూ చూడకుండా తింటుంది. ముసలామె కొంగు ముడి విప్పి తన కోడి పెట్టిన గుడ్డు, ఉడికించింది, బయటికి తీసింది. దారం కూడా తెచ్చుకుంది. పళ్లు ఊడిపోయాయి కాబట్టి కొస కోడలి చేతికిచ్చి పట్టుకోమంది. గుడ్డును సరిగ్గా రెండు చేసి ఒకటి నా పళ్లెంలో పెట్టింది.

"నీ వంతు. ఎవలకిస్తవో నీ ఇష్టం."

చుట్టూ చూశాను. పిల్లలందరి పళ్లేల్లో గుడ్లున్నాయి. కోడలి పళ్లెంలో ఉంది. తన చేతిలోని రెండో ముక్కను ముసలామె అప్పటికే ఆ కాన్పులో పుట్టిన మనవరాలి నోట్లో పెట్టేసింది. ఇన్నేళ్లలో ఆమె తనకని ఒక్క ముక్క ఉంచుకోగా నేను చూడలేదు. నా వంతు తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. "నాకెందుకు" అనబోయింది.

"ఖా" అన్నాను.

బోసినోటితో నవ్వి, తింది. చాలాసేపు నమిలింది.

నేను గుడ్డు తిన్నానా అని మీరు అడుగుతారు. లేదు, ఈ రోజుకీ తినలేదు. ఫోన్ చేసే అమ్మాయిలకు నేను చెప్పగలిగింది ఒకటే. డబ్బా మూత దాచకండి. ఆ తల్లి ఎవరిని ఇంట్లో వదిలి వచ్చిందో అడిగి, ఆ మనిషిని కూడా పిలిపించి, మీ డబ్బా తెచ్చుకొని వాళ్ల పక్కన కూర్చోండి.

ఊరొదిలి వచ్చినా ఇక్కడ జనగామలో నాకు ఏ లోటూ లేదు. జొన్నరొట్టె కావాలంటే బజార్లో దొరుకుతుంది, తెప్పించుకొని చూశాను కూడా. కారం సరిపోలేదు. ఇప్పుడు మళ్లీ పన్నెండు దాటింది. పళ్లెం ముందు కూర్చున్నాను. అన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర. అంతా నా వంతే. ఎవరికిద్దామన్నా ఎదురుగా ఎవరూ లేరు.